విదేశంలో సంక్రాంతి: సంఘం వేడుక సరిపోతుందా, ఇంట్లో చేయాలా?

నమస్కారం. మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. షికాగో శివార్లలో అపార్ట్‌మెంటులో ఉంటున్నారు. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్థులు, తొమ్మిదేళ్ల బాబు, నాలుగేళ్ల పాప ఉన్నారు, ఈ శీతాకాలం అత్తగారూ మామగారూ మీ దగ్గరే ఉంటారు. సంక్రాంతి వారం మధ్యలో వస్తోంది, బయట మంచు, భోగి మంట వేసే వీలు లేదు. ఇన్నాళ్లూ తెలుగు సంఘం జనవరి చివర్లో జరిపే వేడుకకు వెళ్లి పండుగ అయిందనిపించుకున్నారు. అది చాలునా, లేక ఇంట్లో మూడు రోజులూ చేయాలా, చేస్తే ఏ తేదీన, ఎంతవరకు అని అడిగారు.

పండుగను ఆ తేదీలలోనే, మీ ఇంట్లోనే, చిన్నగా చేయండి. రోజుకు ఒక్క పని చాలు. ఆ పనిలో పిల్లల చేయి తప్పనిసరిగా పడాలి. సంఘం వేడుకకు తప్పకుండా వెళ్లండి గాని, దాన్ని పండుగకు అదనంగా చూడండి, బదులుగా చూడకండి. భోగి నాడు తలంటు, భోగిపళ్లు. సంక్రాంతి నాడు పెద్దలకు పెట్టుకోవడం, పొంగలి. కనుమ నాడు గారెలు, నలుగురితో భోజనం. ఉద్యోగాలు చేసుకుంటున్న ఇంటికి ఇంతకు మించి అక్కర లేదు. మిగిలినవన్నీ ఓపికను బట్టి, ఇష్టాన్ని బట్టి కలుపుకోవచ్చు.

నేను ఈ దేశంలో పిల్లలను పెంచి పెద్దచేశాను, మా ఊరి తెలుగు పిల్లలకు వారాంతపు తరగతులు చెబుతూ, సంఘం సంక్రాంతి వేడుకల ఏర్పాట్లలోనూ చాలాకాలంగా పనిచేస్తున్నాను. అందువల్ల తేదీ విషయంలో నేనెందుకు పట్టుబడతానో ముందుగా చెప్పాలి. పండుగను ఎప్పుడూ వారాంతానికి జరుపుకునే ఇళ్ల పిల్లలను సంక్రాంతి ఎప్పుడని అడిగితే, హాలు ఎప్పుడు దొరికితే అప్పుడని దాదాపు అదే అర్థం వచ్చేలా జవాబు చెబుతారు. వాళ్ల తప్పేమీ లేదు, వాళ్లు చూసింది అంతే. బడి ఉన్న రోజున కూడా తెల్లవారుజామున లేపి తలంటి, కొత్త బట్టలు వేసి, నుదుట బొట్టు పెట్టి పంపిన పిల్లలకు మాత్రం ఆ తేదీ గుర్తుండిపోతుంది. పైగా సంక్రాంతి మన పండుగలలో ఎక్కువగా సూర్యుని లెక్కన నడిచేది కాబట్టి, ఇంగ్లీషు తేదీ ప్రతి ఏడూ దాదాపు ఒకేచోట ఉంటుంది. ఉగాదికీ దీపావళికీ ఆ సౌకర్యం లేదు.

ఇక ఏ తేదీ అన్నది. సూర్యుడు మకరరాశిలో ప్రవేశించే సంక్రమణం ఒక క్షణంలో జరుగుతుంది. ఆ క్షణం భూమి అంతటికీ ఒక్కటే, గడియారాలు మాత్రం వేరు. అది మీ ఊళ్లో సూర్యాస్తమయం లోపు జరిగితే పండుగ ఆ రోజే, దాటితే మర్నాడు. దృగ్గణితం (ఆకాశంలో కనిపించే స్థానాలను బట్టి కట్టే పంచాంగ లెక్క) ప్రకారం 2024లో ఆ ప్రవేశం భారతదేశంలో జనవరి 15 తెల్లవారుజామున మూడు గంటలకు కాస్త ముందు జరిగింది, కనుక అక్కడ 15న పండుగ చేసుకున్నారు. అదే క్షణానికి షికాగోలో 14వ తేదీ, ఆదివారం, మధ్యాహ్నం దాదాపు మూడున్నర. షికాగోలో సూర్యాస్తమయానికి అప్పటికి ఇంకా గంటకు పైగా సమయం ఉంది, కాబట్టి మీకు పండుగ 14నే. 2023లో సంక్రమణం భారతదేశంలో 14 రాత్రి తొమ్మిది ప్రాంతంలో వచ్చింది. సూర్యాస్తమయం దాటింది కనుక అక్కడ పండుగ మర్నాటికి వెళ్లింది, షికాగోలో అది 14 ఉదయమే. 2025లోనూ 2026లోనూ రెండు చోట్లా 14నే పడింది. ఈ ప్రవేశ సమయం ఏటా సుమారు ఆరు గంటల తొమ్మిది నిమిషాలు ఆలస్యమవుతుంది, లీపు సంవత్సరం తర్వాతి ఏడు మాత్రం ఫిబ్రవరి 29 వల్ల ఒక రోజు ముందుకు వస్తుంది. అందువల్ల 2027లోనూ 2028లోనూ ఇటువంటి తేడాయే ఎదురవుతుంది. మీ ఊరి సమయానికి లెక్కకట్టిన పంచాంగం చూసుకోండి, లేదా దగ్గరి దేవాలయంలో అడగండి. ఇండియా క్యాలెండరులో ఉన్న తేదీని ఉన్నపళంగా ఇక్కడికి దించుకోవద్దు. అయితే మీ అత్తగారు "మా ఊళ్లో రేపు కదా" అంటే వాదన పెట్టుకోనక్కర లేదు. మూడు రోజుల పండుగలో ఒక రోజు అటూ ఇటూ అయినందువల్ల ఏ ఇల్లూ చెడిపోలేదు.

భోగి. శీతాకాలంలో షికాగోలో సూర్యోదయం ఏడుంబావు ప్రాంతంలో అవుతుంది. ఇది మీకు కలిసివచ్చే విషయం. పిల్లలను ఆరింటికి లేపినా సూర్యోదయానికి ముందే తలంటు పూర్తవుతుంది. నువ్వుల నూనె కొద్దిగా వెచ్చచేసి మాడుకు, ఒంటికి పట్టించి, సున్నిపిండితో నలుగు పెట్టే పని నాయనమ్మకు అప్పజెప్పండి. స్నానాల తొట్టిలో నూనె పడితే జారుతుంది, అడుగున జారని చాప వేయండి. జుట్టు పూర్తిగా ఆరకుండా ఆ చలిలోకి పంపవద్దు.

భోగి మంట విషయంలో నా అభిప్రాయం కాస్త కఠినంగానే ఉంటుంది. అపార్ట్‌మెంటులో వద్దు, బాల్కనీలో అసలే వద్దు. అనేక ఊళ్ల నిబంధనలకు ఆధారమైన అంతర్జాతీయ అగ్ని నియమావళి ప్రకారం చిన్న చలిమంట కూడా మూడడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు మించకూడదు, భవనానికి కనీసం ఇరవై అయిదడుగుల దూరంలో ఉండాలి. ఊరి నియమాలు ఇంతకంటే కట్టుదిట్టంగా కూడా ఉండవచ్చు. ఒక కుటుంబం ఇంట్లోనే ఇత్తడి పళ్లెంలో కర్పూరం, నాలుగు పిడకల ముక్కలు పెట్టి వెలిగించగా పొగ గంట మోగి, తెల్లవారుజామున భవనంలోని వారంతా దుప్పట్లు కప్పుకొని పార్కింగు స్థలంలో నిలబడవలసి వచ్చింది. అగ్నిమాపక వాహనం కూడా వచ్చింది. పెరడు ఉన్న స్నేహితులు ఎవరైనా ఉంటే వారి ఇంటి దగ్గర, ఊరి అగ్నిమాపక శాఖను అడిగి, ఎండు కట్టెలతో చిన్న మంట వేసుకోండి. రంగు పూసిన చెక్క, మందు పట్టించిన కలప మంటలో వేయవద్దు. 2004కు ముందు డెక్‌లకు, కంచెలకు వాడిన కలపలో ఆర్సెనిక్ కలిపిన మందు ఉండేది, ఆ పొగ విషం.

మంట చూడాలన్న పిల్లల ముచ్చట మరో దారిన తీరుతుంది. మన ఊళ్లలో భోగి తెల్లవారుజామున అయిదింటికి మంట వేస్తారనుకుంటే, షికాగోలో అప్పుడు ముందు రోజు సాయంత్రం అయిదున్నర. పిల్లలు బడి నుంచి వచ్చి, పాలు తాగి కూర్చునే వేళ. మీ అమ్మగారింటి వీధిలో ఎవరినైనా ఫోన్ తీసి చూపించమనండి. తాటాకులు చిటపటలాడే చప్పుడు వినిపిస్తే చాలు, నాలుగేళ్ల పాప కూడా తెరకు అతుక్కుపోతుంది.

పాతవాటిని వదిలించుకోవడం భోగిలో మరో సగం. దానికి మంట అక్కర లేదు. పిల్లలకు పొట్టి అయిపోయిన చలికోట్లు, బూట్లు, చదివేసిన పుస్తకాలు వాళ్ల చేతనే ఏరించి, ఆ రోజే ఎవరికైనా ఇప్పించండి. ఆ నెలలో ఆ ఊళ్లో చలికోటు అవసరం లేని రోజు ఉండదు.

సాయంత్రం భోగిపళ్లు. మీ పాప వయసుకు ఇది మరీ ముచ్చటైన వేడుక. తాజా రేగిపళ్లు ఆ కాలంలో ఇక్కడ దొరకడం కష్టం. భారతీయ దుకాణాలలో గడ్డకట్టించినవి ఒక్కోసారి ఉంటాయి. లేకపోతే క్రాన్‌బెర్రీలు వాడండి, రంగు కూడా కలుస్తుంది. బంతిపూల రేకులు దొరకకపోతే చామంతి రేకులు సరిపోతాయి. ఒక్క జాగ్రత్త: రేగి గింజ, నానబెట్టిన శనగ, చిల్లర నాణెం, ఈ మూడూ పసిపిల్లల గొంతులో అడ్డం పడే వస్తువులే. మీ పాపకు నాలుగేళ్లు కాబట్టి చెబితే వింటుంది, కానీ పేరంటానికి వచ్చే రెండేళ్ల పిల్లలు కింద పడ్డవి నోట్లో పెట్టుకుంటారు. కింద దుప్పటి పరిచి, పోయడం అయిన వెంటనే నాలుగు కొసలూ కలిపి ఎత్తేయండి. మరీ చిన్నవాళ్లకు పూలరేకులు, అక్షింతలు చాలు. దిష్టి తీసే పని, హారతి పాట మీ అత్తగారివి.

సంక్రాంతి. పెద్దపండుగ అని పిలిచే ఈ రోజున అనేక ఇళ్లలో ప్రధానమైనది గతించిన పెద్దలకు పెట్టుకోవడం. విదేశంలో ఉన్నవారు ఎక్కువగా వదిలేసేది కూడా ఇదే. అరిసెలు లేకపోయినా ఫరవాలేదు గాని దీన్ని వదలవద్దని నా సలహా. దీనికి పొలం, పశువు, వాకిలి ఏమీ అక్కర లేదు. తాతగారి, ముత్తవ్వగారి ఫోటో ఒకటి, దాని ముందు కొత్త బట్టలు, వండినది ఒక విస్తరిలో, ఒక దీపం. తర్పణాలు విడిచే ఆచారం ఉంటే మామగారికి ఆ పద్ధతి తెలిసే ఉంటుంది. మీ బాబును పక్కన కూర్చోబెట్టి, ఫోటోలో ఉన్నవారు ఏం చేసేవారు, ఏ ఊరు, ఎన్ని ఎకరాల కౌలు చేశారు, ఏ తుపానుకు ఏ పంట పోయింది అని మామగారి చేత చెప్పించండి. వ్యవసాయ కుటుంబం నుంచి వచ్చిన ఏ తాతకైనా ఇవి నోటి చివర ఉంటాయి. పంటల పండుగ అన్న మాటకు పిల్లవాడికి అర్థం దొరికేది అక్కడే.

పొంగలికి పిల్లలను పొయ్యి దగ్గరకు రానివ్వండి, పాలు పొంగడం వాళ్లే చూడాలి. అయితే గాజు పలక పొయ్యి ఉన్న ఇళ్లలో ఒక కిటుకు పాటించండి. బెల్లం వేసిన పాలు పొంగి పలక మీద పడి మాడితే ఆ మరక పోదు, గాజుకు గుంటలు కూడా పడతాయి. ముందు ఒట్టి పాలను చిన్న గిన్నెలో పొంగించి, పొంగు చూసి దండం పెట్టుకొని, ఆ తర్వాత పెద్ద గిన్నెలో బియ్యం ఉడికించుకోండి. బెల్లాన్ని దింపిన తర్వాత, వేడి కాస్త తగ్గాక కలపండి, పాలు విరగవు. ఇండక్షన్ పొయ్యి మీద ఇత్తడి గిన్నె పనిచేయదని కూడా గుర్తుంచుకోండి. ఊరి నుంచి మోసుకొచ్చిన గిన్నెను పండుగ పూట పక్కన పెట్టవలసి వస్తే మీ అత్తగారికి మనసు చివుక్కుమంటుంది.

ఆ మాట వచ్చింది కనుక, మీ అత్తమామలు బయలుదేరే ముందే చెప్పవలసింది ఒకటుంది. కొత్త బియ్యం తేవద్దు. ఖప్రా అనే ధాన్యపు పురుగు భయం వల్ల భారతదేశం నుంచి ప్రయాణికులు సామానులో బియ్యం తేవడాన్ని అమెరికా నిషేధించింది. రేగిపళ్లు, చెరకు, పిడకలు, వరి కంకులు కూడా కస్టమ్స్ వారు తీసి పారేసేవే, దాచి తెస్తే జరిమానా పడుతుంది. ఇంట్లో వండిన అరిసెలు, జంతికలు మాత్రం తేవచ్చు, వాటి గురించి కూడా కస్టమ్స్ వారికి చెప్పి చూపించాలి. కొత్త బియ్యం లేని పొంగలి పొంగలి కాదా అని అడుగుతారేమో. దుకాణంలో కొన్న సోనామసూరి కూడా ఎవరో ఒక రైతు పండించినదే.

అరిసెలు. ఇవి చేయాలా అన్నది పూర్తిగా మీ ఇష్టం. చేస్తే పండుగ ముందరి శనివారం చేయండి, చాలా రోజులు నిలవ ఉంటాయి. బజారులో దొరికే పొడి బియ్యప్పిండితో చేయవద్దు, తడి పిండే కావాలి. బియ్యం ఒక పగలూ రాత్రీ నానబెట్టి, మధ్యలో నీళ్లు మార్చి, వడగట్టి, బట్ట మీద కాసేపే ఆరనివ్వండి. ఇక్కడే ఈ దేశపు శీతాకాలం అడ్డుపడుతుంది. హీటరు నడుస్తున్న ఇంట్లో గాలి ఎంత పొడిగా ఉంటుందంటే, మన ఊళ్లో గంటసేపు ఆరబోసే బియ్యం ఇక్కడ అందులో సగం సమయానికే గలగలలాడతాయి. పిడికిట్లో పట్టుకుంటే గింజలు వేళ్లకు అంటుకోవాలి, నీరు మాత్రం కారకూడదు. ఆ దశలోనే మిక్సీ పట్టి, జల్లించి, పిండిని గిన్నెలో గట్టిగా అదిమి తడిబట్ట కప్పి ఉంచండి.

పాకం దగ్గర రెండో అడ్డంకి ఉంది. కిలో బియ్యానికి అర కిలో నుంచి ముప్పావు కిలో దాకా బెల్లం పడుతుంది. నీళ్లలో వేసిన పాకం చుక్కను వేళ్లతో దగ్గరకు తీస్తే మెత్తని ఉండగా కట్టాలి. అది లేతగా ఉంటే అరిసె నూనెలో విచ్చిపోతుంది, ముదిరితే పళ్లకు పని పెడుతుంది. గ్యాసు పొయ్యి ఆర్పిన క్షణాన మంట ఆగుతుంది గాని, కరెంటు పొయ్యి ఆపిన తర్వాత కూడా చాలాసేపు కాలుతూనే ఉంటుంది. ఉండ కట్టిందని పొయ్యి ఆపి, గిన్నెను దాని మీదే ఉంచితే, పిండి తెచ్చేలోపు పాకం ముదురుతుంది. గిన్నెను వెంటనే పక్కకు దించి, ఒకరు పిండి పోస్తుంటే మరొకరు ఆపకుండా కలపాలి. చలిమిడి చల్లారకుండా మూత పెట్టి, కొద్దికొద్దిగా తీసి నెయ్యి రాసిన కవరు మీద తట్టి, నువ్వులు అద్ది, మధ్యరకం వేడి మీద వేయించి, రెండు చిల్లుల గరిటెల మధ్య నొక్కి నూనె తీసేయండి. నొక్కే పని మీ బాబుకు ఇవ్వవచ్చు, పొయ్యికి దూరంగా బల్ల మీద. అపార్ట్‌మెంట్లలో పొయ్యి పైనుండే పంకా చాలాసార్లు పొగను బయటకు పంపదు, వడగట్టి మళ్లీ వంటింట్లోకే వదులుతుంది. అందుకని కిటికీ తెరిచి, విడతకు కొద్దిగానే వేయించుకోండి.

మీ అత్తగారిది తెలంగాణ వైపు అయితే అరిసెలతో పాటు సకినాలు కూడా తప్పవు. పిల్లలతో చేయించడానికి నిజానికి అవే సులువు. పిండి వేళ్ల మధ్య తిప్పుతూ బట్ట మీద చుట్లు చుట్టడం పిల్లలకు గంటల తరబడి కాలక్షేపం, వంకరటింకరగా వచ్చినా రుచిలో తేడా ఉండదు.

ముగ్గుల గురించి ఎక్కువ చెప్పను. అపార్ట్‌మెంటు నడవలో పిండి చల్లితే జారుతుందని యాజమాన్యం అభ్యంతరం చెబుతుంది. నల్ల రంగు పూసిన పలుచని చెక్క ఒకటి తలుపు లోపల పరిచి, దాని మీద సుద్దతోనో బియ్యప్పిండితోనో వేసుకోండి. చెరిపి రోజుకొకటి వేయవచ్చు, తర్వాత మంచం కింద దాచుకోవచ్చు. తొమ్మిదేళ్ల బాబుకు పదిహేను చుక్కల ముగ్గు ఇచ్చి చూడండి. సందు చుక్కకూ (రెండు చుక్కల నడుమ పెట్టేది) ఎదురు చుక్కకూ (చుక్కకు సూటిగా పెట్టేది) తేడా ఒక్కసారి చూపిస్తే లెక్కల పొడుపుకథ దొరికినట్టు వదలడు. ఆడపిల్లల పని అని వాణ్ణి పక్కకు పంపకండి. గొబ్బెమ్మలకు పేడ దొరకదు కాబట్టి పసుపు కలిపిన గోధుమపిండి ముద్దలు చేసి పైన పువ్వు గుచ్చండి. మట్టి ముద్దలైనా మంచిదే.

కనుమ. "కనుమ నాడు మినుము తినాలి" అన్నది పాటించడం సులభం, రాత్రి పప్పు నానబెడితే చాలు. "కనుమ నాడు కాకి కూడా కదలదు" అన్నది పాటించడమే కష్టం, మీ మేనేజర్లకు ఆ సామెత తెలియదు కదా. పగలు పనులు చూసుకొని సాయంత్రం మరో రెండు కుటుంబాలను పిలిచి గారెలు, గుమ్మడికాయ దప్పళం, మాంసం తినేవారైతే కోడికూర పెట్టండి. మన ఊళ్లలో పిచ్చుకల కోసం చూరుకు వరి కంకుల కుచ్చులు వేలాడదీసే అలవాటు ఉంది. పశువులు లేని ఇంట్లో కనుమకు అది బాగా సరిపోతుంది. యాజమాన్యం ఒప్పుకుంటే బాల్కనీలో పక్షుల గింజలు పెట్టించండి, లేకపోతే దగ్గరి పార్కులో అనుమతి ఉన్నచోట పెట్టండి.

పిల్లలకు అర్థమయ్యేలా చెప్పడం గురించి కూడా అడిగారు. మీ బాబు వయసువాళ్లు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది: సూర్యుడు ఉత్తరానికి తిరిగేది డిసెంబరు 21న అని బడిలో చెప్పారు, మీరు జనవరి 14 అంటారేమిటి? దీన్ని దాటవేయకండి. పగలు పెరగడం మొదలయ్యేది డిసెంబరు 21, 22 తేదీల నుంచే, బడిలో చెప్పింది నిజం. మన లెక్క నక్షత్రాలను బట్టి కట్టినది, సూర్యుడు మకరరాశిలోకి వచ్చే రోజును పట్టుకుంటుంది. సుమారు 1,700 ఏళ్ల క్రితం ఈ రెండూ ఒకే రోజున కలిసేవి. భూమి ఇరుసు బొంగరంలా నెమ్మదిగా ఊగడం వల్ల, దాదాపు డెబ్బై ఏళ్లకు ఒక రోజు చొప్పున, విడిపోతూ వచ్చాయి. ఇలా చెబితే నా తరగతిలో పిల్లలు చిన్నబుచ్చుకోలేదు సరికదా, అప్పటివాళ్లకు ఇదంతా ఎలా తెలిసిందని ఎదురు ప్రశ్నలు వేశారు.

పంచుకోవడం చూపించాలంటే హరిదాసు కథ చెప్పండి. ధనుర్మాసమంతా తెల్లవారుజామున తల మీద అక్షయపాత్రతో వచ్చే హరిదాసుకు దోసెడు బియ్యం పోయడం పిల్లల పనే. డిసెంబరు నడుమ నుంచి ఇంట్లో ఒక గిన్నె పెట్టి, పాప చేత రోజూ గుప్పెడు బియ్యం వేయించండి. ఉచితంగా ఆహారం పంచే కేంద్రాలు సాధారణంగా విడి బియ్యం తీసుకోవు, సీలు వేసిన సంచులే కావాలంటాయి. కాబట్టి పండుగ నాటికి గిన్నెలో పోగైనంత బరువుకు ఒక కొత్త సంచి కొని, పాప చేతనే ఇప్పించండి. గిన్నెలోని బియ్యం పొంగలికి వాడుకోండి.

మీ అత్తమామల గురించి మీరు రాయకుండా వదిలిన ఇబ్బంది ఒకటి ప్రశ్నలోనే కనబడుతోంది. మీ అత్తగారికి అన్నీ చేయాలని ఉంటుంది, మీకు తీరిక ఉండదు. పండుగకు పదిహేను రోజుల ముందే కూర్చొని, ఏం చేద్దాం, ఏం వద్దు అని ఇద్దరూ కలిసి కాగితం మీద రాసుకోండి. పిండివంట ఒక్కటే అనుకుంటే ఏదన్నది ఆమె నిర్ణయానికి వదిలేయండి. ఆ చలిలో నెలల తరబడి నాలుగు గోడల మధ్య ఉన్నవారికి ఈ మూడు రోజులూ ఇంటి పెత్తనం చేతికి రావడం పెద్ద ఊరట. అలాగని వంట బరువంతా ఆమె మీద పడేసి మీరు సాయంత్రం వచ్చి విస్తరి ముందు కూర్చోవద్దు. సంక్రాంతి నాడు మీ దంపతులలో ఒకరైనా సెలవు పెట్టండి. మీ వారు పెడితే మరీ మంచిది.

ఇక సంఘం వేడుక. జనవరి మూడో సోమవారం మార్టిన్ లూథర్ కింగ్ గారి స్మారక సెలవు కాబట్టి, ఆ పొడుగు వారాంతంలో హాళ్ల కోసం పోటీ ఎక్కువ, అందుకే మీ సంఘంవారు నెలాఖరుకు జరుపుతున్నారేమో. అక్కడ మీ పిల్లలు ఇతర తెలుగు పిల్లలను చూస్తారు, వందలమంది ఒకే భాషలో మాట్లాడుకోవడం వింటారు. ఇది ఇంట్లో దొరకదు. అయితే వేదిక మీద నాలుగు నిమిషాల నాట్యానికి రెండు నెలల సాధన చేసి, భోజనాల వరుసలో నిలబడి, ఇంటికొచ్చి పడుకుంటే పిల్లలకు పండుగ మీద కంటే వేదిక మీద ధ్యాస పెరుగుతుంది. నేను నిర్వాహకురాలిగానే ఈ మాట అంటున్నాను. ప్రేక్షకులుగా వెళ్లకండి. ముగ్గుల పోటీ దగ్గరో, భోగిపళ్ల బల్ల దగ్గరో ఒక గంట పనికి పేరు ఇవ్వండి, బాబును పక్కన పెట్టుకోండి. అలాంటి చేతులు ఏ సంఘానికైనా ఎప్పుడూ తక్కువే.

చివరిగా బడి. సంక్రాంతి నాడు బాబుకు సెలవు కావాలంటే ముందుగానే ఉపాధ్యాయురాలికి, కార్యాలయానికి మతపరమైన పండుగ అని రాయండి, వారి నియమం ఏమిటో చెబుతారు. తరగతిలో పండుగ గురించి చెప్పమంటే వాడి చేత తినుబండారాలు పంపవద్దు. 2023 జనవరి నుంచి అమెరికా చట్టంలో నువ్వులను కూడా ప్రధాన అలర్జీ పదార్థాల జాబితాలో చేర్చారు. అరిసెకు అద్దేవీ, సకినంలో కలిపేవీ, ఉండలు చుట్టేవీ అవే. పైగా అనేక బడులు ఇంట్లో చేసిన తిండిని అసలు రానివ్వవు. దానికి బదులు చుక్కలు మాత్రమే పెట్టిన ముగ్గు కాగితాలు తరగతికి సరిపడా నకళ్లు తీసి ఇవ్వండి. ఏడు చుక్కల సులువైన ముగ్గు అయితే పావుగంటలో అందరూ కలిపేస్తారు, నల్లబల్ల మీద కలిపి చూపించే పని మీ బాబుది.